1500 గ్రాముల వాక్యం

హైదరాబాద్,
దసరా మరునాడు

యువ మిత్రులకు,

నమస్కారం. పెంపుడు బాల్ పైథాన్‌ను, అంటే పశ్చిమ ఆఫ్రికా జాతి కొండచిలువను, ఎప్పుడు జత కట్టించాలన్న దాని మీద మీరు రాసి పంపిన 14 పేజీల వ్యాసం పండుగకు రెండు రోజుల ముందు చేరింది. పనుల మధ్య ఒకసారి, నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక మరొకసారి చదివాను. నీళ్ల గిన్నె అంచు మీద గడ్డం ఆనించి మీ పాము నీళ్లు తాగుతుంటే దాని గొంతు కింది పొలుసులు కదిలిన తీరు గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలు చాలా బాగున్నాయి. తక్కిన వ్యాసమంతా ఆ కళ్లతోనే రాసి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు.

ఆరో పేజీలో "ఆడ బాల్ పైథాన్ 1500 గ్రాములు దాటగానే జతకు సిద్ధమైనట్లే" అని రాసి, దాని కింద గీత కూడా గీశారు. చివరి పేజీలో మీ సొంత పాము 20 నెలల వయసుకే 1520 గ్రాములు తూగిందనీ, దీపావళి దాటాక మగపామును దాని పెట్టెలో వదలబోతున్నాననీ సంతోషంగా రాశారు. ఈ రెండు మాటలనూ కలిపి చదివిన దగ్గర నుంచి నా మనసు మనసులో లేదు. వ్యాసాన్ని తర్వాత దిద్దుకోవచ్చు. ముందు ఈ ఏడాదికి ఆ మగపామును దాని పెట్టెలోనే ఉండనివ్వండి.

1500 గ్రాములన్న లెక్క తప్పని నేను అనడం లేదు. ఈ పాములను పెంచేవాళ్లు ఎన్నో ఏళ్ల అనుభవం మీద ఆడదానికి దాదాపు 1500 గ్రాముల బరువు, సుమారు మూడేళ్ల వయసు ఉండాలని చెబుతూ వచ్చారు. మీరు బరువును పట్టుకుని వయసును వదిలేశారు. అయితే నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది ఆ వయసును కూడా పక్కన చేర్చమని మాత్రమే కాదు. ఆ బరువు ఎన్నాళ్లలో, ఎలా వచ్చిందని అడగాలి. వారం పది రోజులకొక ఎలుక తింటూ, చలికాలంలో తనంతట తాను మేత మానేసి, మళ్లీ తిని, మూడు నాలుగేళ్లలో 1500 గ్రాములకు చేరిన పాము ఒకటి. మూడు రోజులకొకసారి ఎలుకను పెట్టి ఏడాదిన్నరలో అదే బరువుకు తెచ్చిన పాము మరొకటి. కాటా మీద రెండింటి అంకె ఒకటే. మొదటిదానిలో పెరిగింది కండ, ఎముక. రెండోదానిలో పెరిగింది చాలావరకు కొవ్వు. గుడ్డును బయటికి తోయాల్సింది కండ.

పల్లెలో పెరిగినవారికి ఈ సంగతి వివరించడం నాకు సులువు. పాము శరీరం గాదె లాంటిది. ఆడపాము గుడ్లలోకి పోసే సొనంతా చాలావరకు అంతకు ముందు నెలల్లో తిని దాచుకున్నదే. బాల్ పైథాన్ ఒక్క విడతలో సగటున ఆరు గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు 80 నుంచి 100 గ్రాముల దాకా తూగుతుంది. ఆరు గుడ్లంటే దాదాపు అర కిలో, అంటే 1500 గ్రాముల పాములో మూడో వంతు. పైగా గుడ్లు కడుపులో పెరిగే రోజుల్లో చాలా పాములు మేత ముట్టవు, పెట్టాక వాటిని చుట్టుకుని పడుకున్నన్నాళ్లూ ముట్టవు. ఇంత ఖర్చుకు తట్టుకోవాలంటే గాదె నిండి ఉండాలి, గాదె గోడలూ గట్టిగా ఉండాలి. మీ పాము గాదె నిండింది కానీ గోడలు ఇంకా పచ్చివి.

కాటా చెప్పలేనిది వేలు చెబుతుంది. పాము ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు అరచేతుల మీదుగా సాగనివ్వండి. నడిమి భాగం దగ్గర వెన్నుకు అటూ ఇటూ బొటనవేలూ చూపుడువేలూ ఆనించండి. వెన్నెముక ఇంటి కప్పు మీది దూలంలా పైకి తేలి, రెండు వైపులా పల్లం తగిలితే పాము బక్కచిక్కి ఉన్నట్టు. వెన్నెముక తెలుస్తూనే, దానికి ఇరువైపులా కండ నిండుగా, నొక్కితే ఎదురు తోస్తున్నట్టు ఉండాలి. అలా కాక వెన్ను చోట గాడి పడినట్టుండి, తోక మొదట్లో మడతలు పడి, పాము తిన్నగా పడుకున్నప్పుడు కూడా పొలుసుల మధ్య చర్మం కనిపిస్తుంటే అది కొవ్వు పట్టిన పాము. మీరు పంపిన ఫొటోల్లో మూడోదాన్ని నేను భూతద్దంతో చూశాను. తోక దగ్గర ఆ మడత ఉంది.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం చెప్పాలి. 2008లో నా దగ్గర ఒక ఆడ కార్న్ స్నేక్ ఉండేది, అది అమెరికా నుంచి వచ్చిన విషం లేని పెంపుడు పాము. దాని జాతికి చెప్పే లెక్క 300 గ్రాములు, 3 అడుగులు, 3 ఏళ్లు. నా పాము రెండేళ్లు నిండకుండానే 310 గ్రాములు తూగింది. మూడింట్లో రెండు కుదిరాయి కదా అని జత కట్టించాను. కుబుసం విడిచిన పదో రోజున తొమ్మిది గుడ్లు పెట్టింది. తోకకు జానెడు పైన ఇంకో రెండు ఉబ్బెత్తులు అలాగే నిలిచిపోయాయి. మొదటి రోజు అది పెట్టె నాలుగు మూలలా తిరిగింది. రెండో రోజు నీళ్ల గిన్నెను చుట్టుకుని పడుకుంది. నగరంలో ముగ్గురు పశువైద్యుల దగ్గరకు తిరిగాను, పామును ముట్టుకున్న అనుభవం వారిలో ఎవరికీ లేదు. ఒకాయన దయతలచి, కాన్పు నొప్పులు రప్పించే ఆక్సిటోసిన్ సూది వేశారు. అది తాబేళ్లలో పనిచేసినంతగా పాముల్లో పనిచేయదని నేను ఆ తర్వాత తెలుసుకున్నాను. నాలుగో రోజు తెల్లవారుజామున అది చనిపోయింది. తప్పు ఆ వైద్యులది కాదు. మూడో అంకెను దాటవేసిన నాది.

అది జరిగిన ఆరు నెలలకు, ఇంకెవరూ ఆ తప్పు చేయకూడదని ఒక వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. నా పాము చావు గురించి రాసిన రెండు పేజీలూ అక్కడి సంపాదకుడు తీసేశారు. పాఠకులకు చిట్కాలు కావాలట, బాధలు వద్దట. మిగిలినదాన్ని ఐదు చిట్కాలుగా పెట్టె కట్టి వేశారు. వరుసలో చోటు చాలలేదని 3 ఏళ్లన్న మాటను కూడా కోసి, 300 గ్రాములన్న మాటను మాత్రం లావు అక్షరాల్లో ఉంచారు. తర్వాత నాలుగైదు నెలలకు ఒక కాలేజీ కుర్రవాడు ఫోన్ చేసి, మీరు చెప్పినట్టే చేశానండీ, గుడ్డు అడ్డం పడిందండీ అన్నప్పుడు నేను ఏం చెప్పగలను? ఆ వ్యాసం మీద ఉన్నది నా పేరే. ఆనాటి నుంచి అంకెను దాని సంవత్సరాలతో కలిపి వేయని పత్రికకు నేను పాముల గురించి ఒక్క ముక్క పంపలేదు. మీ ఆరో పేజీ వాక్యం చూస్తే ఆ లావు అక్షరాలే మళ్లీ నా కళ్ల ముందుకు వచ్చాయి.

మిగిలిన పేజీల్లోనూ దిద్దవలసినవి ఉన్నాయి. పాము మేత మానేయడం జతకు సిద్ధమైన గుర్తు అని రాశారు. గుడ్లు కడుతున్న పాము మేత మానేయడం నిజమే. కానీ చలి చేసినా, పురుగు పట్టినా, ఊపిరితిత్తుల జబ్బు వచ్చినా, పెట్టె చోటు మార్చినా పాము మేత మానేస్తుంది. ఆ ఒక్క గుర్తు మీద ఆధారపడి ఎవరైనా జబ్బు పామును జత కట్టిస్తే దాని పాపం మనది. అలాగే నడిమి భాగం ఒక్కసారిగా ఉబ్బి, పెద్ద ఎలుకను మింగినట్టు ఒక రోజు పాటు కనిపించి తగ్గిపోవడం అండం విడుదలైన గుర్తు. ఆ తర్వాత కుబుసం విడుస్తుంది, అప్పటి నుంచి దాదాపు నెలకు గుడ్లు పెడుతుంది. ఇవన్నీ జత తర్వాతి సంగతులు. మీరు వీటిని సిద్ధమైన గుర్తుల్లో కలిపేశారు. జతకు ముందు తెలుసుకోవాలంటే పాములు తెలిసిన వైద్యుని చేత అల్ట్రాసౌండ్‌లో అండాలు పెరుగుతున్నాయో లేదో చూపించుకోవచ్చు. అండాలు పెరుగుతున్నంత మాత్రాన పాము శరీరం సిద్ధంగా ఉన్నట్టు కాదని కూడా అక్కడే రాయాలి.

వ్యాసాన్ని పాముల సయ్యాటతో మొదలుపెట్టారు. పొలం గట్టు మీద రెండు పాములు పెనవేసుకుని నిలువునా లేవడం చిన్నప్పుడు నేనూ చూశాను, పెద్దవాళ్లు దాని మీద పంచె కప్పడమూ చూశాను. అది జతకట్టడం కాదు. దాదాపు ఎప్పుడూ అది రెండు మగ జెర్రిపోతుల బలపరీక్ష. నాగుపాము ఆడది, జెర్రిపోతు దాని మగడు అని మన ఊళ్లలో చెప్పుకునే మాట కూడా అలాంటిదే. అవి రెండు వేరు వేరు జాతులు, ఒక్కో జాతిలో ఆడవీ మగవీ ఉంటాయి. జత గురించిన వ్యాసాన్ని మగల కొట్లాటతో ఎత్తుకుంటే చదివేవాడు రెండు మగపాములను ఒకే పెట్టెలో వేసి సయ్యాట కోసం ఎదురుచూస్తాడు. లింగ నిర్ధారణ తెలిసినవారి చేత చేయించాలన్న మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

జత కోసం నవంబరులో పెట్టె వేడి తగ్గించాలని రాశారు. అది చలిదేశాల గదుల లెక్క. నా గదిలో డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలు చూశాను, అదే రోజు మధ్యాహ్నం 29. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ పాముకు అంత చలి పనికిరాదు. కింద వేడి పలక లేకపోతే నోట్లో నురుగు, ముక్కులో బుడగలు వస్తాయి. హైదరాబాద్‌లో చలికాలంలో వేడిని తగ్గించడం కంటే రాత్రి పడిపోకుండా కాయడమే పని. మన ఊరి పాఠకునికి మన ఊరి గదిని రాయండి.

పదేళ్లు దాటితే పాము ఇక గుడ్లు పెట్టదని, అందుకే తొందరపడాలని మీరు రాసిన మాటను పూర్తిగా కొట్టేయండి. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్, ఎన్నో ఏళ్లుగా మగపాము తోడు లేకుండానే, ఏడు గుడ్లు పెట్టింది. దాని వయసు 62 ఏళ్లకు పైమాటేనని ఆ జూ అంచనా. దాన్ని ఉదాహరణగా తీసుకోమని కాదు, కాలం పాము వైపే ఉందని చెప్పడానికి రాస్తున్నాను. తొందర మనుషులది, అందులోనూ రంగుల మోజుది. కొత్త రంగు పిల్లలు ముందుగా అమ్ముడుపోవాలన్న ఆత్రంలో, తల వణుకుతుందని తెలిసి కూడా స్పైడర్ అనే రంగు రకాన్ని జత కట్టిస్తున్నారు. మీ వ్యాసంలో రంగుల ధరల పట్టిక ఒకటిన్నర పేజీ ఉంది, వెన్నెముక గురించి ఒక్క వాక్యం లేదు.

"మన కొండచిలువకూ ఇదే లెక్క" అన్న వాక్యం వ్యాసంలో ఉండకూడదు. మన కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని ఇంట్లో పెంచడమే నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి అయినా, 2022 సవరణతో అది కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. మీ దగ్గర ఉన్నదాన్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పిల్లలు పుడితే ఆ సంగతీ తెలియజేయాలి. దీనికి నాలుగు వాక్యాలు చాలు, కానీ అవి మొదటి పేజీలో ఉండాలి.

వ్యాసాన్ని తిరిగి రాసేటప్పుడు మీ పామును ఇంటికి తెచ్చిన రోజు నుంచి మొదలుపెట్టండి. అప్పుడు అది ఎంత తూగింది, మొదటిసారి ఎప్పుడు మేత నిరాకరించింది, ఏ నెలలో అతివేగంగా పెరిగింది, ఆ నెలలో మీరు ఎన్ని ఎలుకలు వేశారు అన్నవి దాచకుండా రాయండి. ఎక్కువ పెట్టానని ఒప్పుకోవడానికి మీకు కష్టంగా ఉండవచ్చు. నా రెండు పేజీలు రాయడం కూడా నాకు కష్టంగానే ఉండింది. ఏ పత్రికకు పంపాలన్న సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

తేదీలు రాసుకున్న నోటు పుస్తకం ఉంటే మొదటి పేజీ నుంచి నకలు తీసి పంపండి. లేకపోతే ఇవాళే ఒకటి పెట్టుకోండి. ఎలుక వేసే విరామాన్ని పది రోజులకు, ఆపైన రెండు వారాలకు మెల్లగా పెంచండి. ఆదివారం ఉదయం మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి తూకం వేయండి, డబ్బా బరువు తీసివేయడం మరవకండి. ఆ తర్వాత వెన్ను మీద వేలు ఆనించినప్పుడు ఏం తగిలిందో, నీళ్లు తాగడం గురించి రాసినట్టే, నాలుగు వాక్యాల్లో రాసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి