పెడల్ ఆపితే కరకర: బైక్ చెడిపోయినట్టా?

ప్రశ్న: సార్, పాత సైకిల్ పదేళ్ళు తొక్కి ఈమధ్యే మొదటిసారి రోడ్ బైక్ (సన్న టైర్ల గేర్ల సైకిల్) కొన్నా. తొక్కుతున్నంతసేపు చప్పుడే ఉండదు, కాళ్ళు ఆపగానే వెనక చక్రంలోంచి కరకరకర ఒకటే గోల, డౌన్ వచ్చిందంటే అది జుయ్యిమనే దాకా పోతుంది. ముందు నడిచేవాళ్ళు ఉలిక్కిపడి పక్కకి గెంతుతున్నారు, నాకే సిగ్గేస్తోంది. షాపతనేమో మంచి హబ్బులు (చక్రం నడిమి గుండ్రటి భాగాలు) ఇట్లాగే ఉంటాయి అంటాడు, మా బావమరిదేమో బేరింగులు పోయాయి, మార్పించెయ్ బావా అంటాడు. ఎవరి మాట వినాలి? నిండా గ్రీజు పెట్టేస్తే ఆగుతుందా?

జవాబు: ఈసారికి షాపతని మాటే వినండి. బేరింగు పోతే తొక్కుతున్నప్పుడు కూడా చప్పుడొస్తుంది, చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపితే లూజు తెలుస్తుంది. మీది కాళ్ళు ఆపినప్పుడే వస్తోందంటున్నారు కాబట్టి అది ఫ్రీహబ్, అంటే కాళ్ళు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే హబ్ భాగం, తన పని తను చేసుకుంటున్న చప్పుడే.

లోపల ఏం జరుగుతుందంటే, క్యాసెట్ (వెనక గేర్ల పళ్ళచక్రాల గుత్తి) ఎక్కించే ఆ గొట్టం లాంటి ముక్క మీద చిన్న చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి, వాటిని పాల్స్ అంటారు, ఒక్కోదాని వెనక స్ప్రింగ్ ఉండి బయటికి నెడుతూ ఉంటుంది. హబ్ లోపలి గోడకి చుట్టూ రంపంలా పళ్ళున్న రింగు ఉంటుంది. మీరు తొక్కితే నాలుకలు పళ్ళకి తన్నిపెట్టి చక్రాన్ని తిప్పుతాయి, ఆపితే చక్రం ముందుకి పోతూ ఉంటుంది, నాలుకలు మాత్రం పన్ను ఎక్కి టప్, పన్ను ఎక్కి టప్ అని పడుతుంటాయి. గోడ గడియారానికి కీ తిప్పేటప్పుడు వచ్చే చప్పుడు కూడా ఇలాంటిదే. ఇప్పుడు లెక్క చూడండి, రోడ్ బైక్ చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు, గంటకి 30 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి దాదాపు నాలుగు చుట్లు, రింగుకి 36 పళ్ళుంటే సెకనుకి 140 పైన టప్పులు. అన్ని టప్పులు చెవి విడివిడిగా ఎక్కడ వింటుంది, అందుకే జుయ్యి.

మరి పాత సైకిల్ టిక్ టిక్ అని మర్యాదగా ఉండేది కదా అంటారేమో. దానికి పళ్ళు తక్కువ, స్పీడూ తక్కువ, పైగా లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు. పళ్ళు ఎందుకు పెంచుతారంటే, 18 పళ్ళుంటే నాలుకలు మళ్ళీ పట్టు దొరకబుచ్చుకునే లోపు క్యాసెట్ 20 డిగ్రీల దాకా ఊరికే తిరగొచ్చు, 36 అయితే 10 డిగ్రీలే, క్రిస్ కింగ్ కంపెనీ కొన్ని హబ్బుల్లో 72 పళ్ళు అంటే 5 డిగ్రీలే, దాని చప్పుడు తేనెటీగల గుంపులా ఉంటుందని దానికోసమే కొనేవాళ్ళున్నారు. హోప్ హబ్బులూ గోలకి పేరున్నవే. షిమానోవి మామూలుగా నెమ్మదస్తులు. ఓనిక్స్ వాళ్ళైతే పళ్ళే లేకుండా ఒకవైపే పట్టుకునే స్ప్రాగ్ క్లచ్ పెడతారు, అసలు చప్పుడే రాదు. నన్నడిగితే రోడ్డు మీద 36 పళ్ళు చాలు, అంతకు మించినవి రాళ్ళూ రప్పల మీద మౌంటెన్ బైక్ తొక్కేవాళ్ళకి పనికొస్తాయి.

గ్రీజు సంగతి. తగ్గించొచ్చు గానీ మీరన్నట్టు నిండా పెట్టొద్దు, ఇది నేను ఒంటి మీద దెబ్బ తిని చెప్తున్న మాట. ఒకసారి నాకూ ఇదే చిరాకొచ్చి బేరింగులకి వాడే చిక్కటి గ్రీజు వేలితో తీసి లోపలంతా కూరేశా, అబ్బ ఎంత సైలెంటో, రెండు రోజులు మురిసిపోయా. మూడో రోజు పొద్దున చలిగా ఉంది, సిగ్నల్ పడగానే లేచి నిలబడి బలంగా తొక్కా, గ్రీజు గట్టిపడి నాలుకలు లోపలికే అతుక్కుపోయి ఉన్నాయేమో, పెడల్ ఒక్కసారిగా గాల్లో తన్నినట్టు కిందికి జారిపోయింది, మోకాలు పోయి హ్యాండిల్‌కి కొట్టుకుంది. వారం రోజులు కుంటుకుంటూ నడిచా. కాబట్టి ఫ్రీహబ్ కోసమే అమ్మే పలచటి గ్రీజు, పాల్స్ మీదా పళ్ళ మీదా పల్చగా మెరిసేంత రాయాలి, అంతే. డీటీ స్విస్ లాంటి స్టార్ రాచెట్ అయితే పాల్స్ ఉండవు, పళ్ళున్న రెండు చక్రాలు ఎదురెదురుగా స్ప్రింగుతో నొక్కుకుని ఉంటాయి, దానికి ఆ కంపెనీ చెప్పిన గ్రీజే వాడండి. మీరే విప్పేటట్టయితే కింద ఒక గుడ్డ పరిచి విప్పండి, ఆ స్ప్రింగులు బియ్యపు గింజంత ఉంటాయి, ఎగిరి పడితే వెతకడం మీ వల్ల కాదు.

ఇవేవీ వద్దనుకుంటే మనుషుల దగ్గరకొచ్చేసరికి కాళ్ళు ఆపకుండా చక్రం వేగానికి తగ్గట్టు తేలిగ్గా తొక్కుతూ ఉండండి, గోల ఉండదు. బెల్లు మాత్రం కొట్టండి, ఆ కరకర ఏమిటో అందరికీ తెలియాలని లేదుగా.

ప్రశ్న: చప్పుడు ఎక్కువుంటే బండి స్లో అవుతుందా అండీ? నాది లోతు రిమ్ములున్న కార్బన్ వీల్.

జవాబు: తొక్కుతున్నప్పుడు నాలుకలు పళ్ళలో లాక్ అయి ఉంటాయి కాబట్టి రాపిడే లేదు. ఆపినప్పుడు ఉండేది కూడా గాలి అడ్డుకునేదాని ముందు లెక్కలోకి రాదు. కార్బన్ రిమ్ము లోపల బోలు, డప్పులాగా చప్పుడు పెంచుతుంది, అదొక్కటే తేడా.

ప్రశ్న: మాది రివర్స్ కేసు. బాగా మోగే హబ్, ప్రెషర్ నీళ్ళతో కడిగాక సడన్‌గా సైలెంట్ అయింది. హాయిగానే ఉంది, వదిలెయ్యొచ్చా?

జవాబు: వదిలెయ్యకండి, అంతవరకు నిలబడి తొక్కకండి కూడా. మోగే హబ్ కన్నా ఉన్నట్టుండి నోరు మూసుకున్న హబ్బే నాకు భయం. నీళ్ళు లోపలికి పోయి నాలుకలు తుప్పుకో మట్టికో ఇరుక్కుని ఉండొచ్చు. వెనక చక్రం పైకెత్తి పట్టుకుని క్యాసెట్‌ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పండి, ప్రతి పన్నుకీ గట్టిగా టక్ మని వేలికి తెలియాలి. ఎక్కడైనా మెత్తగా జారిపోతే విప్పించి, తుడిపించి, కొత్తగా గ్రీజు రాయించండి. అలాగే బైక్‌ని ముందుకి నెడుతుంటే పెడల్స్ వాటంతటవే తిరుగుతున్నా, కాళ్ళు ఆపగానే పై చైన్ వేలాడుతున్నా ఫ్రీహబ్ బిగుసుకుపోతోందన్నమాట, ఒక్కోసారి చైన్ పోయి స్పోకుల్లో పడుతుంది. నీళ్ళ పైపు ఈసారి హబ్ వైపు గురిపెట్టకండి, బకెట్టూ గుడ్డా చాలు.