మేనకోడలికి లక్ష రూపాయల కానుక: గొలుసా, ఫోనా, పాలసీనా?

ప్రశ్న: మాది తెనాలి. మా అక్క కూతురు ఇంటర్ ఎంపీసీ పాసై, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో విశాఖపట్నంలో సీఎస్ఈ సీటు తెచ్చుకుంది. మొన్ననే పద్దెనిమిది నిండాయి. మేనమామగా లక్ష రూపాయల్లో గుర్తుండిపోయేది ఏదైనా ఇవ్వాలనుంది. మా ఆవిడ గొలుసు అంటోంది, పిల్లకి ఐఫోన్ మీద మనసు, తెలిసిన ఏజెంటేమో ఆమె పేరు మీద ఇరవై ఏళ్ల పాలసీ తీసుకోమంటున్నాడు. హాస్టల్ మొదటి వాయిదా 45 వేలు కట్టడానికి బావగారు చీటీ పాడే ఆలోచనలో ఉన్నారు, వాళ్లకీ చేతిలో డబ్బు ఆడటం లేదు. ఏమిస్తే బాగుంటుంది?

జవాబు: అసలు సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. బావగారు చీటీ పాడబోతున్నారు! ముందు దాన్ని ఆపండి, గొలుసు సంగతి తర్వాత చూద్దాం.

చీటీని తొలి నెలల్లో పాడితే ఎంత పోతుందో మీకు తెలియనిది కాదు. 2 లక్షల చీటీ అనుకుంటే పాట గట్టిగా సాగిన నెలలో చేతికి లక్షన్నరే వచ్చినా ఆశ్చర్యం లేదు, వాయిదాలు మాత్రం చివరి నెల దాకా కట్టాల్సిందే. ఒక పక్క 45 వేల కోసం అక్కయ్య వాళ్లు అంత నష్టానికి సిద్ధపడుతుంటే ఇంకో పక్క మీరు అదే ఇంటికి లక్ష పెట్టి ఫోనో గొలుసో పట్టుకెళ్లడం లెక్కకు ఎక్కడా పొసగదు. కాబట్టి లక్షలో మొదటి 45 వేలు హాస్టల్‌కి. బావగారి చేతికి ఇస్తే ఆయన మొహమాటపడతారు, తీసుకోకపోవచ్చు కూడా. కాలేజీ పోర్టల్‌లో అమ్మాయి అడ్మిషన్ నంబరు మీద మీరే కట్టేసి, రసీదు ఆమె ఫోన్‌కి పంపండి. మేనమామ మేనకోడలి చదువుకి కట్టాడంటే ఏ బావగారూ కాదనలేరు.

మిగతా వాయిదాలకు, ట్యూషన్ ఫీజులో రీయింబర్స్‌మెంట్ పోగా మీద పడేదానికి ఎడ్యుకేషన్ లోన్ పెట్టుకోమనండి. 4 లక్షల దాకా సాధారణంగా ఆస్తి తనఖా అడగరు, తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. హాస్టల్ ఖర్చు, కంప్యూటర్ కూడా ఆ లోన్‌లో పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు, బ్యాంకులో వాళ్లంతట వాళ్లు చెప్పరు కూడా. కోర్సు అయ్యాక మరో ఏడాది దాకా వాయిదాలు ఉండవు. అయితే ఈలోపు వడ్డీ నడుస్తూనే ఉంటుంది కాబట్టి వీలున్న నెలల్లో వడ్డీ వరకైనా కట్టుకుంటే తర్వాత భారం తగ్గుతుంది. పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ కాలేజీ ఉందేమో కూడా చూడమనండి. ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపయితే, వేరే కేంద్ర, రాష్ట్ర స్కాలర్‌షిప్పు లాంటివి అందకపోతే, చదువుకునే కాలానికి వడ్డీలో 3 శాతం రాయితీ దొరికే వీలుంది. లోన్ మంజూరయ్యేసరికి వారాలు పడుతుంది, అందుకే మొదటి వాయిదా మీరు కట్టేయమంటున్నాను.

గొలుసు విషయంలో మీ ఆవిడతో పేచీ వద్దు గానీ ఈ లెక్క ఒకసారి చూపించండి. తరుగు, మజూరీ కలిపి 15 శాతం, దాని మీద జీఎస్టీ అనుకుంటే లక్షలో అసలు బంగారం దాదాపు 84 వేలది. పైగా హాస్టల్ గదిలో మెడలో గొలుసు ఉందంటే తల్లికి రోజూ టెన్షనే, చివరికి అది తెనాలి బీరువాలోనే ఉంటుంది. మేనమామ బంగారం పెట్టే రోజు ఎలాగూ వస్తుంది, పెళ్లిలో బుట్టలో మోసుకెళ్లేది మీరేగా.

పాలసీ ఊసే వద్దు. ఆ పిల్లకి సంపాదన లేదు, ఆమె మీద ఆధారపడిన వాళ్లూ లేరు, మరి ఇన్సూరెన్స్ ఎవరి కోసం? మొదటి ప్రీమియం మీరు కడతారు సరే, రెండో ఏడు, మూడో ఏడు ఎవరు కడతారని ఏజెంటును అడిగి చూడండి. ఫోన్ సంగతి, ఇప్పుడున్నది పనిచేస్తుంటే అదే చాలు.

ఇక మిగిలిన 55 వేలు. అసలు కానుక ఇదే, అందుకే నేరుగా అమ్మాయి అకౌంట్‌లో వేయండి. మైనర్‌గా తెరిచిన అకౌంటయితే బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి మేజర్ అకౌంట్‌గా మార్పించాలి, లేకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. ఇందులో 45 వేలు ల్యాప్‌టాప్‌కి, 10 వేలు ఆమె ఇష్టం. ల్యాప్‌టాప్ ఈ నెలలోనే కొనేయకండి. మొదటి సెమిస్టర్‌లో సి ప్రోగ్రామింగ్ లాంటివాటికి కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకురావచ్చు, డిపార్ట్‌మెంట్ వాళ్లు ఏం కావాలంటారో సీనియర్లను అడిగితే తెలుస్తుంది, ఈలోపు దసరా, దీపావళి ఆఫర్లు వస్తాయి. ఆ ధరలో చూడాల్సింది ఒకటుంది: ర్యామ్ 8 జీబీయే వచ్చినా పర్లేదు, మరో 8 వేసుకోవడానికి ఖాళీ స్లాట్ ఉండాలి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచే దారే ఉండదు. షాపులో అబ్బాయి రంగు, బరువు, కీబోర్డు లైట్లు చూపిస్తాడు గానీ ఈ మాట మీరు అడిగితేనే చెబుతాడు. నో కాస్ట్ ఈఎంఐ అని ఊరిస్తే వద్దనండి, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. బిల్లు అమ్మాయి పేరు మీదే రాయించాలి, వారంటీకి అదే ఆధారం. బేరమాడి 42 వేలకే తెచ్చుకుందంటే ఆ 3 వేలు ఆమెవే, వెనక్కి అడగొద్దు, ఏం చేశావనీ అడగొద్దు!

ఈ 55 వేలు మ్యూచువల్ ఫండ్‌లో వేయమని ఎవరైనా అనొచ్చు. మూడు నాలుగు నెలల్లో ఖర్చయ్యే డబ్బును మార్కెట్లో పెట్టకూడదు, అంతే.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ అడిగేవాళ్లు ఉంటారు. మేనమామ ఇచ్చింది ఎంతైనా మేనకోడలికి పన్ను ఉండదు, బంధువులు కానివాళ్ల దగ్గర నుంచి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితేనే లెక్కలోకి వస్తుంది. నగదుగా కాకుండా అకౌంట్‌కి పంపి, గిఫ్ట్ అని రాయండి.

డబ్బు వేసే రోజే అమ్మాయికి ఫోన్ చేసి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. హాస్టళ్లలో కొత్త పిల్లల దగ్గరికి ఎవరో ఒకరు వచ్చి, నీ అకౌంట్, ఏటీఎం కార్డు కొన్నాళ్లు ఇస్తే కమిషన్ ఇస్తామంటారు. సైబర్ మోసాల డబ్బు అలాంటి అకౌంట్ల నుంచే దాటిస్తారు, పోలీసులు వచ్చేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల దగ్గరికే. ఎంత దగ్గరి ఫ్రెండ్ అడిగినా ఇవ్వొద్దనండి, పొరపాటున ఇచ్చేస్తే ఇంట్లో తిడతారని దాచుకోకుండా వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించి, 1930కి ఫోన్ చేయమనండి.