కేసు షీట్లు ఏఐ రాస్తే నమ్మొచ్చా?

ప్రశ్న: ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్‌ని. సగం షిఫ్టు నోట్స్ రాయడానికే పోతోంది. మా మాటలు విని ఏఐ రాసిపెడుతుందంటున్నారు, వాడొచ్చా?

జవాబు: వాడండి. మీ బాధ మీ ఒక్కరిదే కాదు. 2013లో అమెరికాలో ఒక ఎమర్జెన్సీ విభాగాన్ని గమనిస్తే డాక్టర్ల సమయంలో 44 శాతం కంప్యూటర్లో వివరాలు ఎక్కించడానికే పోయింది, పేషెంట్లకు నేరుగా దక్కింది 28 శాతమే, చదివితేనే మనసు చివుక్కుమంటుంది. అయితే చదవకుండా సంతకం మాత్రం పెట్టకండి. మాటల్ని అక్షరాల్లోకి మార్చే విస్పర్ అనే ఏఐని 2024లో పరిశోధకులు పరీక్షిస్తే దాదాపు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటలు చేరాయి, మధ్యలో మౌనం ఎక్కువున్న చోట మరీనూ. మీ దగ్గరేమో అరుపులు, ఒకేసారి నలుగురి మాటలు. అందుకే డోసు, అలర్జీ, కుడి ఎడమలు, ‘ఉంది’, ‘లేదు’ అన్నవి తప్పకుండా సరిచూసుకోండి. ఇంకోటి, అది వింటుందే గానీ చూడదు, కాబట్టి పొట్ట నొక్కి చూసినప్పుడు కనబడింది పైకి చెప్పాలి, లేకపోతే నోట్స్‌లోకి రాదు. రికార్డు చేస్తున్నామని పేషెంట్‌కి, స్పృహలో లేకపోతే వెంట వచ్చినవాళ్లకి ముందే చెప్పి ఒప్పుకున్నాకే ఆన్ చేయండి.