టెక్ సందేహాలు: స్టాండప్‌లో నిలబడేది ఎవరి కోసం?

ఫోన్ వేడెక్కుతోందనీ, స్టోరేజీ నిండిపోయిందనీ వచ్చే ప్రశ్నల్ని ఈసారికి పక్కన పెట్టాను. స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ లాంటి పనిని స్ప్రింట్‌లనే చిన్న చిన్న విడతలుగా చేసే పద్ధతి. ఆ పద్ధతిలో నడిచే టీమ్‌లలో పనిచేసేవాళ్ల ఉత్తరాలు చాలా పేరుకుపోయాయి. అన్నింటిలోనూ విసుగు ఒకలాంటిదే. ఒక్కో ఉత్తరం, దాని కిందే నా జవాబు.

మా టీమ్‌లో తొమ్మిది మందిమి. రోజూ స్టాండప్ (నిలబడి చేసే చిన్న మీటింగ్) పావుగంట అని మొదలై ముప్పావుగంట సాగుతుంది. నిన్న ఏం చేశామో ఒక్కొక్కరం మేనేజర్‌కి అప్పజెబుతాం. మిగతావాళ్లు మ్యూట్‌లో పెట్టి వేరే పని చూసుకుంటారు. తగ్గించే మార్గం ఉందా?

‘మేనేజర్‌కి అప్పజెబుతాం’ అని మీరే రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. స్క్రమ్‌ని రూపొందించిన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన స్క్రమ్ గైడ్ ప్రకారం డెయిలీ స్క్రమ్ (మీరు స్టాండప్ అంటున్నది ఇదే) డెవలపర్ల కోసం, గడువు 15 నిమిషాలు. స్ప్రింట్ గోల్ (ఆ విడత లక్ష్యం) వైపు వెళ్తున్నామా, దారి తప్పామా అని చూసుకుని ఆ రోజు పనిని సర్దుకోవడానికే అది. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, అడ్డంకులేమిటి అనే మూడు ప్రశ్నల్ని 2020 నవంబరులో వచ్చిన ఎడిషన్‌లో తీసేశారు కూడా. అయినా చాలా టీమ్‌లలో అవి హాజరు పట్టీలాగా నడుస్తూనే ఉన్నాయి.

ఒక వారం పాటు ఇలా చేసి చూడండి. మనుషుల వరసలో కాకుండా బోర్డు (ఏ పని ఏ దశలో ఉందో చూపే పట్టిక) వరసలో మాట్లాడండి. అందులో ఒక్కో పనీ ఒక టికెట్. ‘డన్’ (పూర్తయింది) అనే గడికి అన్నిటికంటే దగ్గరున్న టికెట్‌తో మొదలుపెట్టి, అది ఇవాళ పూర్తి కావాలంటే ఏం కావాలో అడగండి. ఎవరూ ముట్టని టికెట్ల గురించి మాట్లాడక్కర్లేదు. ఇద్దరి మధ్య తేలాల్సిన విషయమైతే మీటింగ్ అయ్యాక ఆ ఇద్దరే కూర్చుంటారు. మేనేజర్‌కి స్టేటస్ కావాలంటే బోర్డు చూడమనండి. బోర్డు చూస్తే ఏమీ అర్థం కావడం లేదంటే, దాన్ని మీరు సరిగ్గా అప్‌డేట్ చేయడం లేదన్నమాట.

మా వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తిచేసే పనులకు వేసుకున్న పాయింట్ల మొత్తం) 32, పక్క టీమ్‌ది 60. మమ్మల్నీ పెంచమంటున్నారు. ఏం చేయాలి?

పెంచడానికేముంది, చాలా తేలిక. ఇన్నాళ్లూ 3 పాయింట్లు అన్న పనిని రేపటి నుంచి 5 అనండి. రెండు స్ప్రింట్లలో పక్క టీమ్ పక్కకు చేరతారు, కోడ్‌లో మాత్రం ఒక్క గీత మారదు.

ఈ పాయింట్లు (స్టోరీ పాయింట్లు అంటారు) ఒక టీమ్ తన పనుల్ని తనే పోల్చుకోవడానికి పెట్టుకున్న కొలత. వాళ్ల 5కీ మీ 5కీ చుట్టరికం లేదు. అసలు స్టోరీ పాయింట్ల ప్రస్తావనే స్క్రమ్ గైడ్‌లో కనిపించదు, అవి ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే మరో పద్ధతి నుంచి వచ్చాయి. వాటిని తానే కనిపెట్టి ఉండొచ్చనీ, అలా అయితే అందుకు విచారిస్తున్నాననీ ఆ పద్ధతి రూపకర్తల్లో ఒకరైన రాన్ జెఫ్రీస్ స్వయంగా రాసుకున్నారు. మీ గత మూడు నాలుగు స్ప్రింట్ల సగటు చూసి వచ్చే స్ప్రింట్‌కి ఎంత ఎత్తుకోవాలో అంచనా వేసుకోండి, అంతవరకే వెలాసిటీ ఉపయోగం. పోలిక తప్పదంటే, ఒక పని మొదలైన రోజు నుంచి వాడేవాళ్ల చేతికి చేరేదాకా ఎన్ని రోజులు పట్టిందో, అందులో ఎన్ని బగ్గులై తిరిగొచ్చాయో చూపించండి. వీటిలోనూ రెండు టీమ్‌ల పనులు ఒకటి కావు కానీ, కనీసం రోజు అంటే ఎవరికైనా ఒకటే రోజు.

నేను టెస్టర్‌ని. మొదటి ఎనిమిది రోజులు ఖాళీ. చివరి రెండు రోజుల్లో పన్నెండు టికెట్లు నా మీద పడతాయి. పూర్తి కాకపోతే ‘టెస్టింగ్ పెండింగ్’ అని నా పేరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఈ వారం ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. తప్పు మీది కాదు.

స్క్రమ్ అనే పేరు రగ్బీ ఆట నుంచి వచ్చింది. 1986లో టకేయుచి, నొనాకా అనే ఇద్దరు జపాన్ ఆచార్యులు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం రాశారు. కొత్త ఉత్పత్తిని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి రిలే పందెంలా అందించడం కంటే, రగ్బీలోలా అందరూ కలిసి బంతిని ముందుకు తీసుకెళ్లడం మేలన్నారు. మీ టీమ్‌లో పేరు రగ్బీదే, ఆట మాత్రం రిలే. చివరి పరుగు మీది.

రెట్రోస్పెక్టివ్‌లో (స్ప్రింట్ చివర, ఏం మార్చుకోవాలో మాట్లాడుకునే మీటింగ్) రెండు విషయాలు పట్టుబట్టండి. ఒకటి, ‘డెవలప్‌మెంట్ డన్’ అనే మాటే వద్దు. డెఫినిషన్ ఆఫ్ డన్‌లో (పని పూర్తయిందనడానికి టీమ్ పెట్టుకున్న షరతులు) టెస్టింగ్ ఉండాలి, అది దాటని పని ఆ స్ప్రింట్‌లో పూర్తయినట్టు కాదు. రెండు, ఒకేసారి చేతిలో ఉండే టికెట్లకు హద్దు పెట్టాలి. టీమ్ మొత్తానికి నాలుగే అనుకోండి. నాలుగూ నిండితే డెవలపర్ కొత్తది తీసుకోకుండా మీ పక్కన కూర్చుని టెస్ట్ కేసులు రాయాలి, లేదా ఆటోమేట్ చేయాలి. మొదట్లో గొణుగుతారు. కానీ మొదటి టికెట్ మీ దగ్గరికి మూడో రోజుకే వస్తుంది.

స్ప్రింట్ మధ్యలో రోజూ ఏదో ఒక అర్జెంట్ పని వచ్చి పడుతుంది. కాదనొచ్చా?

స్ప్రింట్ గోల్‌కి ప్రమాదం లేకుంటే ప్రోడక్ట్ ఓనర్‌తో (ఏ పని ముందో నిర్ణయించే మనిషి) మాట్లాడి సర్దుకోవచ్చు, అది మామూలే. కొత్తది లోపలికి వస్తే ఏది బయటికి పోతుందో ఆయన అప్పుడే చెప్పాలి. గోల్‌కే అర్థం లేకుండా పోతే స్ప్రింట్ రద్దు చేసే అధికారం కూడా ఆయనొక్కరిదే. ప్రొడక్షన్ బగ్గుల లాంటివాటికి కొంత సమయం ముందే వదిలిపెట్టండి, వంతులవారీగా ఒకరు వాటినే చూసుకుంటే మిగతావాళ్ల ధ్యాస చెదరదు. పనిలో సగానికి పైగా ఇలా చెప్పాపెట్టకుండా వచ్చేదే అయితే మీకు స్క్రమ్ కంటే కాన్‌బాన్ (స్ప్రింట్‌లు లేకుండా, చేతిలో పనులకు హద్దు పెట్టుకుని ఒక్కోటీ తీసుకునే పద్ధతి) నప్పుతుందేమో ఆలోచించండి.

స్క్రమ్ మాస్టర్, ప్రోడక్ట్ ఓనర్ ఒకరే ఉండొచ్చా?

వద్దు. ఇంకా చేయాలని అడిగేది ప్రోడక్ట్ ఓనర్, ఇక చాలని అడ్డుపడేది స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్. ఇద్దరూ ఒకే మనిషైతే ప్రతిసారీ మొదటిదే గెలుస్తుంది.

రెట్రోలో అందరూ మౌనం. మాట్లాడినా ఏదీ మారదు.

మారదు కాబట్టే మౌనం. ఒకప్పుడు నేనూ ఒక టీమ్‌తో ఉత్సాహంగా పదకొండు నిర్ణయాలు రాయించాను. రెండు వారాల తర్వాత ఆ పత్రం తెరిచింది నేనొక్కడినే. అప్పటి నుంచి ఒక్కటే తీసుకుని, మామూలు టికెట్‌లాగే తర్వాతి స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో (ఆ స్ప్రింట్ పనుల జాబితాలో) పెట్టడం మొదలుపెట్టాం.

మా జిరా (టికెట్లు నడిపే సాఫ్ట్‌వేర్) బోర్డులో పద్నాలుగు కాలమ్‌లు ఉన్నాయి. వేరే టూల్‌కి మారితే బాగుపడతామా?

మారినా అక్కడికీ ఆ పద్నాలుగూ వెంట వస్తాయి. ఒక్కో కాలమ్ దగ్గర ఆగి, ఇందులో ఉన్న టికెట్‌ని తర్వాత ఎవరు కదపాలి అని అడగండి. జవాబు రాని కాలమ్‌ని తీసేయండి. బహుశా నాలుగో, అయిదో మిగులుతాయి. టూల్ మార్చడం గురించి అప్పుడు మళ్లీ రాయండి.