అప్‌గ్రేడ్ తర్వాత డైరెక్టరీ లాగిన్ ఆగితే

ఉబుంటు 22.04కు మారాక మీ భీమవరం ల్యాబులో స్థానిక ఖాతాలు తెరుచుకుంటూ, విద్యార్థుల ఎల్‌డ్యాప్ ఖాతాలు (సర్వర్‌లోని ఉమ్మడి డైరెక్టరీలో ఉండేవి) మాత్రమే ఆగిపోయాయంటే ముందు ఎస్ఎస్ఎస్‌డీని, అంటే ఆ డైరెక్టరీ ఖాతాలను కంప్యూటర్‌కు అందించే సర్వీసును, అనుమానించండి. సర్వర్ జోలికి అప్పుడే వెళ్లకండి.

1. ఎస్ఎస్ఎస్‌డీ సెట్టింగుల ఫైలు అనుమతులు చూడండి. అందరూ వదిలేసేది ఇదే. పెన్‌డ్రైవ్‌లోని పాత ప్రతిని తెచ్చి పెడితే అనుమతి 644 (అందరూ చదవగలిగేలా) అయిపోవచ్చు. లోపల అక్షరం తప్పు లేకపోయినా సర్వీసు మొండికేస్తుంది. యజమాని రూట్ (అడ్మిన్ ఖాతా), అనుమతి 600 (యజమానికి మాత్రమే) ఉండాలి.

2. సర్వీసు మళ్లీ మొదలుపెట్టి, గెటెంట్ (ఖాతా వివరాలు చూపే కమాండ్)తో ఒక విద్యార్థి ఖాతా అడగండి.

3. జవాబు రాకపోతే ఎన్ఎస్ఎస్విచ్ ఫైలు (ఖాతాలను ఎక్కడ వెతకాలో చెప్పేది)లో పాస్‌డబ్ల్యుడీ, గ్రూప్ వరుసల్లో ‘ఎస్ఎస్ఎస్’ చేర్చండి. వచ్చినా లాగిన్ కాకపోతే లాగిన్‌ను తనిఖీ చేసే పామ్ సెట్టింగులు మార్చే పామ్-ఆత్-అప్‌డేట్ కమాండ్‌లో ఎస్ఎస్ఎస్ గడికి గుర్తు పెట్టండి.

పామ్ ముట్టుకునే ముందు ఒక రూట్ విండో తెరిచే ఉంచండి, లేదంటే మీరూ బయటే.