సిసిఎన్‌ఏ పోయింది సరే, ముందు ఆ స్కోరు కాగితం తీయి

తమ్ముడూ, సిసిఎన్‌ఏ (సిస్కో కంపెనీ పెట్టే నెట్‌వర్కింగ్ పరీక్ష) తప్పానని, కట్టిన 300 డాలర్లు మట్టిపాలయ్యాయని చిత్తూరులో నాన్నగారికి చెప్పడానికి నోరు రావడం లేదని రాశావు. ఈ రాత్రికే చెప్పు. నేనూ మొదటిసారి తప్పాను. ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక తిరుపతి బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. తీరా వెళ్తే మా నాన్న అడిగింది ఒక్కటే: "అన్నం తిన్నావా?"

తప్పిన మరుసటి రోజు నుంచి ఐదు రోజులు ఆగితే మళ్లీ రాయనిస్తారు. రాయనిస్తారు కదా అని అప్పుడే డబ్బు కట్టకు. స్కోరు కాగితంలో ఐపీ కనెక్టివిటీకి, అంటే నెట్‌వర్క్‌ల మధ్య డేటాకు దారి చూపే రౌటింగ్ భాగానికి, 35 శాతం వచ్చిందన్నావు. పరీక్షలో పావు వంతు దానిదే, అక్కడే మొదలుపెట్టు. ఆటోమేషన్ 10 శాతమే, చివర్లో చూసుకోవచ్చు.

సబ్‌నెట్టింగ్‌కు, అంటే నెట్‌వర్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్కకు, నీ చిత్తూరు–తిరుపతి బస్సు ప్రయాణం చాలు. టికెట్టు వెనక రాసి చూడు: 192.168.10.77/26. నెట్‌వర్క్ అడ్రసు చివర 64, అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రసు చివర 127, మధ్యలో వాడుకోదగిన అడ్రసులు 62. ఇది అర నిమిషంలో తేలాలి. పరీక్షకు ఉన్నది 120 నిమిషాలు, దాటేసిన ప్రశ్నకు వెనక్కి వెళ్లే వీలు లేదు.

సాయంత్రాలు ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) తెరువు, అది ఉచితమే. మూడు రౌటర్లతో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి) నడిపించు. తర్వాత కావాలనే ఒకచోట ఏరియా నంబరు తప్పుగా ఇచ్చి, నైబర్, అంటే పక్క రౌటర్‌తో సంబంధం, ఎందుకు పోయిందో రౌటర్ స్థితి చూపే షో కమాండ్లతో పట్టుకో. వీడియోలు చూస్తూ తల ఊపడం చదువు కాదు, మూడు నెలలు నేను చేసిన ఘనకార్యం అదే. డంపుల (బయటికి లీకైన పరీక్ష ప్రశ్నల) జోలికి మాత్రం పోకు.

రెండు వారాలు చేశాక చెప్పు, తేదీ సంగతి అప్పుడు చూద్దాం.