రోజుకు మూడు గంటల చదువు సీఎఫ్ఏకి సరిపోతుందా?

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయి బీకాం ఆఖరి సంవత్సరం. నవంబరులో సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్, పెట్టుబడుల విశ్లేషణ కోర్సు) లెవెల్ 1 రాస్తానని జూన్ మొదటి నుంచి చదువుతున్నాడు. రోజుకు మూడు గంటలే కూర్చుంటున్నాడు. మా ఆడపడుచు కొడుకు సీఏకి పద్నాలుగు గంటలు చదివేవాడు. ఈ మూడు గంటలు సరిపోతాయా? అసలు సీఏ మంచిదా, సీఎఫ్ఏ మంచిదా? ఫీజు ఇంకా కట్టలేదు.

జవాబు: అమ్మా, మూడు గంటలు తక్కువేం కాదు. ఒక్కో లెవెల్‌కి సుమారు 300 గంటలు కావాలని సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూటే చెబుతోంది. వారానికి ఆరు రోజులు చదివినా 18 గంటలు. నవంబరుకి 22 వారాలు, దగ్గర దగ్గర 400 గంటలు వస్తాయి. ఇంగ్లిష్ పాఠం రెండోసారి చదివితేగాని ఎక్కని మన పిల్లలకు నేను ఆ 400 లెక్కే చెబుతాను. సెమిస్టర్ పరీక్షలప్పుడు, సిరిమానోత్సవానికి ఇంటినిండా చుట్టాలున్నప్పుడు చదువు సాగదు. ఆ రోజుల్లో పోరు పెట్టకండి.

వీడియో చూసిన గంట, లెక్కలు చేసిన గంట ఒకటి కావు. పరీక్షలో ఒక్కో విడతకు 90 ప్రశ్నలు, 2 గంటల 15 నిమిషాలు. ప్రశ్నకు నిమిషంన్నర. చదివిన సమయంలో కనీసం సగం ప్రశ్నలు చేయడానికే పోవాలి. చాలామంది ఎథిక్స్‌ని (వృత్తి నీతి పాఠాన్ని) ఆఖరి వారానికి నెట్టేస్తారు. మార్కుల్లో దాని వాటా 15 నుంచి 20 శాతం.

ఇప్పుడు నాకున్న అనుమానం చెబుతాను. ఈమధ్య ఫోన్లో జీతాల వీడియోలు చూసి సీఎఫ్ఏ అంటున్న పిల్లలు ఎక్కువయ్యారు. మూడు లెవెల్స్ పాసైనా, సంబంధిత పనిలో 4,000 గంటల అనుభవం చూపిస్తేనే సీఎఫ్ఏ చార్టర్ (పట్టా) ఇస్తారు. అది ఉన్నంత మాత్రాన మన దేశంలో ఆడిట్ మీద సంతకం పెట్టే హక్కు రాదు. ఈక్విటీ రీసెర్చ్ (షేర్ల విశ్లేషణ), ఫండ్ మేనేజ్‌మెంట్ (మదుపరుల డబ్బు నిర్వహణ) ఉద్యోగాలు ఎక్కువగా ముంబైలో ఉంటాయి. లెవెల్ 1 ఒక్కటే పాసై ఉద్యోగం కోసం ఎదురుచూడటం నాకు నచ్చదు. మీ అబ్బాయికి కంపెనీల బ్యాలెన్స్ షీట్లు తిరగేయడం నిజంగా ఇష్టమా? ముందు అది అడగండి. ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టుకోవాలని ఉంటే సీఏకి వెళ్లమనండి. అందులో రెండేళ్ల ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర పని నేర్చుకునే శిక్షణ) ఉంటుంది.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. ఆడపడుచు కొడుకు ఊసు ఆ పిల్లాడి ముందు ఎత్తడం ఈరోజే మానేయండి. అది వేరే పరీక్ష, వేరే మనిషి. మీరు గడియారం చూస్తూ గుమ్మంలో నిలబడితే వాడు పుస్తకం తెరిచి కూర్చుంటాడు గాని, చదవడు.

మీ అసలు భయం డాలర్లలో కట్టే ఫీజు వృథా అవుతుందనీ, వాడు ఫెయిలైతే నలుగురిలో తలెత్తుకోలేమనీ. లెవెల్ 1 రాసినవాళ్లలో ఈమధ్య ఏళ్లలో సగం మంది కూడా పాసవడం లేదు. మొదటిసారి తప్పినవాళ్లు తెలివి తక్కువవాళ్లు కారు, మళ్లీ రాసి గట్టెక్కినవాళ్లు బోలెడుమంది. పైగా రోజూ మానకుండా మూడు గంటలు కూర్చునే ఇరవై ఏళ్ల కుర్రాడు నాకు అరుదుగా కనిపిస్తాడు. వాడి గురించి అంత టెన్షన్ అక్కర్లేదు.

ఫీజు కట్టే ముందు ఒక పూర్తి నమూనా పరీక్ష టైమ్ పెట్టి రాయించండి. మరీ తక్కువ వస్తే ఫిబ్రవరి పరీక్షకు కట్టండి. ముందుగా రిజిస్టర్ చేసుకుంటే ఫీజు తగ్గుతుంది, ఆ గడువు తేదీని వాణ్నే చూసుకోమనండి.